చిలకమ్మ కోసిన కూర

కుళాయి దగ్గర బట్టలు ఉతికి పెరట్లోకి వచ్చిన పద్మకుమారి అక్కడే నిలబడిపోయింది. గోడవార ఉండాల్సిన కోడిజుట్టు పూలమొక్కలు లేవు, మొదళ్ళు మాత్రం మిగిలాయి. పక్కన తోటకూర మడి ఒక్క ఆకు తగ్గకుండా నిక్షేపంలా ఉంది. వంటింట్లోంచి అత్త చిలకమ్మ పెట్టిన పులుసు వాసన వస్తోంది.

ఆ విత్తనాలు టెక్కలిలోని పుట్టింటి నుంచి కొంగున ముడేసుకుని తెచ్చుకున్నవి. ఉత్తరాదిన ఉక్కు కంపెనీ వాళ్ళిచ్చిన బారిడీహ్ క్వార్టరులో కొత్త కోడలికి గిన్నెలు అత్తవి, మంచాలు అత్తవి, ఆఖరికి మొగుడు కూడా ముందు అత్త కొడుకే. తనదంటూ ఉన్నది ఆ పూలవరస ఒక్కటే. దసరాకి ఎర్రగా పూస్తాయని, అమ్మవారికి దండ కడతానని పక్కింటి కస్తూరమ్మకు వారం వారం చెప్పుకుని మురిసిపోయింది పిచ్చిపిల్ల.

మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళబోతూ మొగుడు ఆదిబాబు అన్నానికి కూర్చున్నాడు. పులుసు రుచి తేడాగా ఉన్నా తల్లి వంటకు వంక పెట్టే ధైర్యం అతనికి పుట్టలేదు. అంతలో పద్మకుమారి మడిలోంచి గుప్పెడు తోటకూర పీక్కొచ్చి అత్త ముందు పట్టింది.

"ఇదేటో చెప్పు అత్తా."

చిలకమ్మ అటు చూసి చూడనట్టు తల తిప్పుకుంది. "నీ పూలమొక్కే. ఔను, కావాలనే కోసీసినాను. పూలు వండుకుని తింతావేటి?"

ఆదిబాబు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. పెళ్ళాం చేతిలో ఉన్నది తోటకూరని అతనికి కూడా తెలుసు. ఏడవడానికి సిద్ధంగా ఉన్న పద్మకుమారికి ఏడుపు రాలేదు. మెల్లగా అత్త ముందు కూర్చుంది.

"నా మొకం అగుపడతందా అత్తా?"

చిలకమ్మ గరిటె కింద పెట్టింది.

"అగుపడీ అగుపడనట్టుందే. మా అమ్మకీ ఇలాగే కంటికి పొరొచ్చింది. అరుగు మీద కూకోబెట్టీసినారు. మరి చచ్చినదాకా పొయ్యి దగ్గరకి రానివ్వలేదు. గుడ్డిదాన్నని తెలిస్తే మీరూ నన్ను వంటింట్లోంచి తీసీత్తారని... దానికన్నా గయ్యాళి అత్తనిపించుకోడమే నయం కదా."

అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముందే చెప్పొచ్చు కదా అని ఆదిబాబు హిందీలో గొణిగాడు. పద్మకుమారి మాత్రం కంచం పెట్టుకుని, తన పూలమొక్కల పులుసే కలుపుకుని తింది. ఉప్పు సరిపోయిందని చెప్పింది. చెబుతూంటే కళ్ళ నీళ్ళు కంచంలో పడ్డాయి.

ఆసుపత్రిలో డాక్టరు శుక్లాలన్నాడు, తీసేస్తే చూపొస్తుందన్నాడు. ఆ మాటకు అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊపిరి పీల్చుకున్నారు. కత్తి అంటే భయపడి చిలకమ్మ పెట్టిన పేచీలన్నీ పద్మకుమారి పక్కనే ఉండి ఓర్చుకుంది.

దసరా ముందు దళసరి కళ్ళద్దాలతో ఇంటికొచ్చిన చిలకమ్మ చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి నడిచింది. కోసిన మొదళ్ళు పక్క కొమ్మలు వేసి ఎర్రగా పూశాయి. చిలకమ్మ గొంతుక్కూర్చుని ఒక్కో పువ్వూ ముట్టుకుని చూసింది. ఇంత ఎర్రగా ఉంటాయా అని కళ్ళు తుడుచుకుంది. ఆ తరవాత అద్దాలు సర్దుకుని వరసంతా మళ్ళీ పరికించింది.

"పద్దూ, ఇందులో సగం అడివి తోటకూరే. పూలమొక్కలనుకుని నీళ్ళోసి పెంచినావేటే?"

పద్మకుమారి సిగ్గుతో తల దించుకుంది. చిలకమ్మ నవ్వుతూ ఆ కూరంతా పీకి ఒడి నింపుకుంది. నవ్వు ఆగింది. వంటింటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి వెళ్ళొచ్చా అన్నట్టు నిలబడింది.

"రా అత్తా," అంది పద్మకుమారి. "పొయ్యి ముందర నీ పీట నేను కదపలేదు."