పలకల మీద కారు

మామ కారుకు ఆయిల్ మారుస్తానని గిద్దలూరు నుంచి పొద్దున్నే దిగిన మనిషి, ఎండ నడినెత్తికి వస్తున్నా కారు కిందికి తొంగి కూడా చూడలేదు. చుట్టూ ప్రదక్షిణలు మాత్రం చేస్తున్నాడు.

"బావా, కొబ్బరికాయ తెమ్మంటావా?" అంది నాగజ్యోతి అరుగు మీద నుంచి. "ఇంకొంచెం తిరిగితే మొక్కు తీరిపోద్ది."

మురళీకృష్ణ నవ్వాడు. అదే ఆమెకు మంట. నాలుగు మాటలంటే ఒక్కటైనా తిరిగి అనని మనిషితో ఏం మజా? అతను వెనక చక్రాలకు ముందూ వెనకా కొయ్యముక్కలు దోపాడు. లోపలికెక్కి గేరు వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగాడు. దిగాడు. అనుమానం వచ్చినట్టుంది, మళ్ళీ ఎక్కి అదే బ్రేకు అంతే శ్రద్ధగా లాగాడు.

అతను ఆమెకు మేనత్త కొడుకు. గిద్దలూరు హైస్కూల్లో లెక్కల మాస్టరు. బస్సు పూర్తిగా ఆగితే తప్ప సీట్లోంచి లేవడు. పాలు పొంగకముందే పొయ్యి కట్టేస్తాడు. కళ్ళు మాత్రం మంచివి. పెద్ద పెద్ద కళ్ళేసుకుని ఆమెను చూస్తూ నిలబడతాడు, ఆ చూపుల్ని మాటల్లో పెట్టే ధైర్యం ఉండదు. ఇలాంటి వాణ్ణి కట్టుకుంటే పెళ్ళిపీటలు గట్టివో కావో కూడా ముందు తట్టి చూస్తాడని జ్యోతి నమ్మకం.

సాయంత్రం మేనత్త ఫోన్ చేస్తుంది. సంబంధం ఔనో కాదో చెప్పాలి. తండ్రి లక్ష్మీనరసయ్య ఆ మాట కూతురికే వదిలేశాడు. కాదని చెప్పడానికి జ్యోతి ఎప్పుడో సిద్ధమైపోయింది.

"ఇప్పుడు ఏంది అడ్డం?" అంది.

"కారును మోసే స్టాండ్లు రావాల. కురిచేడు నుంచి పవన్ తెస్తాండాడు, వాడికి కార్ల షెడ్డుంది."

"జాకీ ఉంది గదా?"

"జాకీ లేపేదానికి జ్యోతీ, మోసేదానికి కాదు. జాకీ మీద నిలబడిన కారు కిందికి దూరగూడదు."

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట!"

లక్ష్మీనరసయ్యకు మార్కాపురంలోనే పలకల ఫ్యాక్టరీ ఉంది. ఆ ఇంట్లో కుండ మీద మూత పలకే, వాకిట్లో మెట్టు పలకే, కోళ్ళగూటికి కప్పూ పలకే. ఆయన పెరట్లో గుట్టగా పడున్న పలకరాళ్ళ వైపు చెయ్యి చూపించాడు.

"స్టాండ్లు ఎందుకు అల్లుడూ? మార్కాపురం రాయి ఇది. ఇండ్లనే మోస్తాది, కారును మోయదా?"

"రాయి మంచిదే మామా. పొరలు పొరలుగా చీలుద్దనే గదా మనం దాన్ని పలకలు చేసేది. పైగా నున్నగా ఉంటాది, ఒకదాని మీద ఇంకొకటి జారుద్ది. మనిషి పైన పెట్టే బరువుకు పనికిరాదు."

పిరికితనం ఒక ఎత్తు, తమ రాయిని తమ వాకిట్లోనే తక్కువ చేయడం ఒక ఎత్తు. జ్యోతికి ఒళ్ళు మండింది. ఇంతలో పవన్ ఫోన్ చేశాడు, సందు తెలియడం లేదట. దారి చూపించడానికి మురళి వీధి చివరికి వెళ్ళాడు.

"నాయనా, పలకలు అందుకో," అంది జ్యోతి చున్నీ నడుముకు బిగిస్తూ.

అతనైనా యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నదే గదా, యూట్యూబ్ అతనొక్కడి సొత్తా? ఒక పక్క జాకీతో లేపి కింద పలకలు పేర్చింది. జాకీ దించి, రెండో పక్కా అంతే. తండ్రి గర్వంగా ఒక్కో రాయీ అందించాడు. ముందుభాగం పైకెత్తుకుని కారు దర్జాగా నిలబడింది.

"ఇంతే గదా! దీనికి కురిచేడు దాకా కబురా?"

"నోరా వీపుకు తేకే అన్నట్టుంది నీ యవ్వారం," అంది గుమ్మంలోంచి నాయనమ్మ శేషమ్మ. "ఆ పిల్లోణ్ణి రానీ."

"వచ్చేసరికి ఆయిలు కారిపోవాల అవ్వా. అప్పుడు చూడాల ఆయన మొగం."

ఆయిలు పట్టడానికి ప్లాస్టిక్ టబ్బు కారు కిందికి తోసింది. గోనెపట్ట పరిచి, పానా పట్టుకుని, వెల్లకిలా పడుకుని భుజాల దాకా లోపలికి జరిగింది.

"జ్యోతీ! బయటికి రా!"

అది మురళి గొంతని ఆమెకు వెంటనే తెలియలేదు. అతనికి అంత గొంతుందనే తెలియదు. ఏ మనిషీ ఆమెను అలా గద్దించింది లేదు. గట్టిగా నాలుగు కడిగేయడానికే ఆమె బయటికి వచ్చింది.

"ఎవురి మీద అరుస్తాండావు? నీకు చేతగాకపోతే..."

అతను ఆమె చెయ్యి పట్టి ఇవతలికి లాగాడు. తర్వాత కారు పక్కన నిలబడి, తలుపు మీద రెండు చేతులూ పెట్టి ఒక్కసారి ఊపాడు.

పైనున్న పలక ఫట్‌మని చీలింది. కిందవి ఒకదాని మీద ఒకటి జారిపోయాయి. కారు దబ్బున నేలకు దిగింది. దాని కింద ప్లాస్టిక్ టబ్బు నలిగి పెంకులైపోయింది. ఇంతకుముందు జ్యోతి తల ఉన్నది దాని పక్కనే.

లక్ష్మీనరసయ్య చేతిలోని రాయి జారి కింద పడింది. కూతుర్ని పట్టుకుందామని వచ్చి, పట్టుకోలేక, మెట్టు మీద కూలబడ్డాడు.

మురళి కారు మీంచి చేతులు తీశాడు. వాటిని ప్యాంటు జేబుల్లో దాచుకున్నాడు.

"సాయంత్రం అమ్మకు నువ్వేమీ చెప్పొద్దులే. నేనే వద్దని చెప్తా."

"ఏంది?"

"నేను పిరికోణ్ణే జ్యోతీ. నువ్వంటే ఇష్టమని చెప్పేదానికి కూడా భయపడినా. మార్కాపురంలో ఆయిలు మార్చేవాళ్ళు కరువా? నిన్ను చూడొచ్చని బస్సెక్కినా. అయితే, నన్ను ఎగతాళి చేసేదానికి నీ ప్రాణం మీదికి తెచ్చుకుంటావే, ఇట్లాంటి మనిషి కోసం దినామూ భయపడేంత గుండె నాకు లేదు."

అతన్ని వద్దనడానికి ఆమె ఎన్ని మాటలు సిద్ధం చేసుకుందో! వద్దనిపించుకోవడానికి మాత్రం ఒక్కటీ సిద్ధం చేసుకోలేదు. అతను వద్దన్న ఆ క్షణంలోనే, కావాలని ఆమెకు తెలిసింది. తెలిసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంత తెలివి పెట్టుకుని, ఇంత ఆలస్యంగానా?

పవన్ స్టాండ్లు దించి, టీ అయినా తాగకుండా వెళ్ళిపోయాడు. మాట ఇచ్చిన పని మధ్యలో వదిలే రకం కాదు మురళి. పలకలన్నీ ఏరేసి, జాకీతో లేపి, రెండు పక్కలా స్టాండ్లు పెట్టాడు. కారును ఊపాడు. ఇంకోసారి ఊపాడు. ఈసారి జ్యోతి పాత బకెట్టు ఒకటి తెచ్చి అతని పక్కన పెట్టింది. అతను ఆమె వైపు చూడకుండా కిందికి దూరాడు.

"పోయి నాలుగు మంచిమాటలు చెప్పరాదంటే?" అంది శేషమ్మ.

"నేనా? చెప్పను."

సాయంత్రం దాకా మేనత్త ఆగలేకపోయినట్టుంది, అప్పుడే ఫోన్ మోగింది. లక్ష్మీనరసయ్య గొంతు సవరించుకున్నాడు. "అక్క చేసింది. ఏం చెప్పమంటావమ్మా?"

జ్యోతి కారు కింద నుంచి బయటికి కనిపిస్తున్న రెండు కాళ్ళ వైపు చూసింది.

"నేను సరేనన్నానని చెప్పు నాయనా. ఆ కాళ్ళ మనిషి వద్దంటాండాడు. ఆయన్నడుగు."

కింద పానా చప్పుడు ఆగింది.

"ఏమన్నావు?"

"చెవుడా?"

"చెవుడు లేదు. నమ్మకమే లేదు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, నేలకు చెంప ఆనించి కిందికి చూసింది. అతని ముక్కు మీద నల్లటి మడ్డి అంటుకుని ఉంది. ఎంత నవ్వొచ్చిందో అంత ఏడుపూ వచ్చింది.

"తప్పు నాది బావా. నువ్వు అరవకపోతే నేను లేను. నీకు భయముంటే ఉండనీ, మన ఇద్దరికీ నువ్వే భయపడు. నేను ఎగతాళి మానతానని మాత్రం మాటియ్యను. ఇష్టం లేనోళ్ళను ఎగతాళి చేసే ఓపిక నాకు యాడిది?"

అతను పెద్ద పెద్ద కళ్ళేసుకుని అలా చూస్తూనే ఉన్నాడు. ఎప్పుడో వదులైన బోల్టు ఊడిపోయి, నల్లటి ఆయిలు అతని చొక్కా చేతిలోకి కారుతోంది.

"ఏమంటాడ్రా వాడు?" అని ఫోన్‌లో మేనత్త కేకలేస్తోంది.

లక్ష్మీనరసయ్య వంగి చూసి నిట్టూర్చాడు. "మోచేతి దాకా ఆయిలు కారతాంటే వానికి తెలియడంల్యా అక్కా. నువ్వు ముహూర్తం చూపించుకో."