కొలిచే చెయ్యి

పొద్దున్నే వాకిలి ఊడ్చి, దుకాణం తలుపులు తీసి, గంగమణి అలవాటుగా గద్దె పక్కకు చెయ్యి చాచింది. గింజలు కొలిచే మానిక తగల్లేదు. జొన్నల బస్తా వెనక చూసింది, ఉప్పు కుండల సందులో చూసింది. లేదు.

బీర్కూరులో ఆమె మొగుడు ముత్తెన్న దుకాణం అంటే ఉప్పు, చింతపండు, నూనె. ఊరివాళ్లు జొన్నలో వడ్లో తెచ్చి పోసి సరుకు పట్టుకుపోతారు. సరుకు తేవడం మగవాడి పని, కొలవడం ఇంటి ఇల్లాలి పని. ఆ ఇత్తడి మానిక అత్త చేతి నుంచి కోడలి చేతికి వస్తుంది. కొలిచేటప్పుడు మొదటి మానికను 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. ఆ మాట ఇల్లాలి నోటే రావాలని ఆ ఇంటి ఆనవాయితీ. అత్త సమ్మవ్వ చూపు మందగించాక గంగమణి గద్దె ఎక్కింది. అప్పటి నుంచి ఆ ఊళ్లో కొలత మీద తగువు రాలేదు.

వాకిట్లో ఎద్దులు మెడ గంటలు ఆడించాయి. బయటికి వచ్చి చూస్తే బండి నిండా బస్తాలు. పైన గుడ్డలో మూట కట్టిన మానిక.

"గా మానిక బండెందుకెక్కింది?" అని అడిగింది గంగమణి.

ముత్తెన్న తాడు బిగిస్తూ తలెత్తలేదు. "బాన్సువాడకు పోతుంది. బజార్ల దుకాణం కిరాయికి తీస్కున్న. మంచి మూల. అమాస ఎల్లినంక నిన్ను, అవ్వను తీస్కపోత."

"ఎప్పుడు తీస్కున్నవ్?"

"మొన్న అంగడినాడు."

"నాకు చెప్పలే."

"ఇప్పుడు చెప్తున్న గదా."

ఆమె బండి చక్రానికి అడ్డంగా నిలబడింది. ముత్తెన్నకు కోపం వచ్చింది. కోపం వస్తే అతను లెక్క చెబుతాడు.

"కాలువ రాకముందు ఈ ఊరోళ్లు ఎటూ పోకపోయిరి. ఇప్పుడు కాలువ కింద వడ్లు పండుతున్నయి. వడ్ల బండి బాన్సువాడకు తోలుతుండ్రు, వచ్చేటప్పుడు ఉప్పు, నూనె ఆడ్నే కొనుక్కొస్తుండ్రు. మనం ఈడ కూసొని ఈగలు తోలుకుందామా?"

లెక్క తప్పు కాదు. బండ్లు ఎటు పోతే బేరం అటు పోతుంది. అది గంగమణికీ తెలుసు. వచ్చిన గింజల బరువు ఏడాదికేడాది తగ్గడం ముందుగా తెలిసింది ఆమె చేతులకే.

"గా దుకాణంల నేనేడ కూసోవాలె?" అంది.

"నువ్వు కూసునుడేంది? అది బజారు. వెనక రెండర్రలున్నయి. వండుకో, తిను, సుఖంగ ఉండు. ఆడి సావుకార్ల ఆడోళ్లు గద్దె ఎక్కరు. నిన్ను ముందర కూసోవెడితే పెండ్లాం సంపాదన తింటుండని నన్ను చూసి నవ్వుతరు."

"ఈడ ఎవ్వరు నవ్వలే."

"ఇది పల్లె."

"పల్లెల పనికొచ్చిన చెయ్యి పట్నంల పనికిరాదా?"

సమ్మవ్వ గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది. "కొడుకా, మానిక దించి పో. ఇల్లాలు ఇయ్యకుండ అది గడప దాటొద్దు."

"నువ్వు నడుమల రాకు అవ్వా. గిరాకులకు నమ్మకం ఈ మానిక మీదనే. ఇది లేకుండ కొత్త జాగల దుకాణమెట్ల తెరవాలె?"

గంగమణి చక్రం ముందు నుంచి పక్కకు జరిగింది. "తీస్కపో. నేను రాను. అమాసకు రాను, పున్నానికి రాను."

"ఎట్ల రావో నేను చూస్త."

"చూడు. నీకు కండ్లున్నయి గదా."

ఆమె లోపలికి పోయి తలుపు వేసిన చప్పుడుకు ఎద్దులు ఉలిక్కిపడి బండిని లాగాయి. ముత్తెన్న దారి పొడుగునా వాటిని తిడుతూనే పోయాడు. ఎద్దులు ఏమీ అనలేదు.

బాన్సువాడలో దుకాణానికి సున్నం కొట్టించాడు. పక్క దుకాణం వెంకట్రాములు వచ్చి చూసి, "మంచి మూల పట్టినవన్నా, ఇగ నీకేం ఫికర్" అని మెచ్చుకున్నాడు. ముత్తెన్న మానికను చింతపండుతో తోమి, బజారుకు తళతళా కనిపించేలా గద్దె ముందు పెట్టాడు.

అంగడినాడు బీర్కూరు వైపు నుంచి ఆడవాళ్లు గంపలతో వచ్చారు. ముత్తెన్న పేరుపేరునా పిలిచాడు. వాళ్లు ఆగారు, గద్దె వైపు చూశారు, వెనక తలుపు వైపు చూశారు. "గంగమణి లేదా?" అని అడిగి, "మళ్లొస్తం" అని వెంకట్రాములు దుకాణం ముందు గంపలు దించారు. చివరికి గంగుబాయి ఒక్కతే గంప దించింది. పెద్దమనిషి, ఎవరికీ జంకని నోరు. ముత్తెన్న ఆమె జొన్నలు కొలవబోయాడు. న్యాయంగానే కొలుస్తాడు. కానీ మానిక సగం నిండకముందే ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగు ముత్తెన్నా. పొయ్యకు."

"ఎందుకు? మానిక అదే గదా."

"మానిక అదే. చెయ్యి వేరు. గంగమణి కొలిస్తే నేను కండ్లు మూసుకొని కూసుంట, ఇంటి ముచ్చట చెప్పుకుంట. నువ్వు కొలిస్తే కండ్లింత చేసుకొని చూడాలె. గంత కష్టపడి చూసేదుంటే నీ దగ్గరెందుకు? పక్కన ఉప్పు నయముంది."

"నేను మోసం చేస్తనా?"

"చేస్తవని నేనన్ననా? మొగోనితోని బేరం బేరమే. గంగమణితోని అట్ల కాదు." గంప మళ్లీ నెత్తికెత్తుకుంటూ, "మానిక ఎత్తుకపోయినవని ఆమె దుకాణం మూసిందనుకున్నవా? కొబ్బరిచిప్పతోని కొలుస్తుంది. ఊళ్లె ఉన్నోళ్లందరు ఆడ్నే ఉన్నరు" అంది.

వెంకట్రాములు తన గద్దె మీద నుంచి నవ్వాడు. ఏ నవ్వుకు భయపడి పెళ్లాన్ని వెనక అర్రకు నెట్టాలనుకున్నాడో, ఆ నవ్వు ఆమె లేకుండానే వచ్చి పడింది. ముత్తెన్న మానిక చంకన పెట్టుకుని, దుకాణం మూసి, ఎండలోనే బండి కట్టాడు.

బీర్కూరు చేరేసరికి గంగమణి గద్దె మీదే ఉంది. గిరాకులు అతని ముఖం చూసి మెల్లగా జారుకున్నారు.

"చిప్పతోని కొలిచి ఊళ్లె నా పరువు తీస్తున్నవా?" అన్నాడు బండి దిగకుండానే.

"నీ పరువు నువ్వే బండిల ఏస్కపోయినవు గదా. ఈడ నా చిప్పనే మిగిలింది."

"బాన్సువాడ వద్దని మొండికేసి..."

"ఆగు." గంగమణి లేచి నిలబడింది. "నేను రానన్న. బాన్సువాడ వద్దని ఎప్పుడన్న? అవ్వ మీద ఒట్టేసి చెప్పు."

ముత్తెన్న ఆ పొద్దుటి మాటల్లో ఆ 'వద్దు' కోసం వెతుక్కున్నాడు. ఆమె కాలువను కాదనలేదు, కిరాయిని కాదనలేదు, ఊరు విడవనని ఏడవలేదు. ఒకే ఒక్క మాట అడిగింది, నేనేడ కూసోవాలె అని. బండ్లు, దారి, మూల, గిరాకీ అన్నీ కూడుకున్న లెక్కలో ఆ ఒక్కటీ లేదు. మూలధనాన్ని ఇంట్లో వదిలి, ఖాళీ పాత్ర పట్టుకుపోయి వ్యాపారం పెట్టాడు.

సమ్మవ్వ లోపలి నుంచి అడిగింది. "బోణీ అయిందా కొడుకా?"

"కాలే అవ్వా." అన్నాడు ముత్తెన్న. "ఎవ్వరు పొయ్యనియ్యలే."

బండి దిగి మానికను గంగమణి ముందు పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"గద్దె మీదనే కూసో. ముందర," అన్నాడు.

"నవ్వుతరన్నవు."

"నవ్వనీ. ఆడోళ్లంత మన దుకాణం దిక్కు మళ్లితే ఆ నవ్వెంతసేపుంటదో నేను చూస్త."

"బేరం పోయిందని వచ్చినవా, నా మీద మనసై వచ్చినవా?"

"బేరం పోయిందనే వచ్చిన," అన్నాడు. "దారిల బుద్ధొచ్చింది."

గంగమణి ముఖం తిప్పుకుంది. అతను వెళ్లినప్పుడు రాని కన్నీళ్లు ఇప్పుడు వచ్చాయి, అవి కూడా కోపంగానే. సమ్మవ్వ తడుముకుంటూ వచ్చి మానికను ఎత్తి కోడలి చేతుల్లో పెట్టింది. "ఈసారి నువ్వే మోసుకపో బిడ్డా. నన్ను గుడ మోసుకపో. ఈడ ఉప్పు ఎవరమ్ముతరు ఇగ."

మళ్లీ అంగడినాడు బాన్సువాడ బజారులో గంగమణి గద్దె మీద కూర్చుంది. వెంకట్రాములు ఇద్దరు సావుకార్లను పిలిచి చూపించాడు. ఆమె వాళ్ల వైపు నేరుగా చూసి, "ఏం గావాలె అన్నా, ఉప్పా?" అని అడిగింది. వాళ్లు చూపు తిప్పుకున్నారు. గంగుబాయి గంప దించి, ముసలి మోకాళ్లు పట్టుకుని అరుగు మీద కూర్చుని, కావాలనే కళ్లు గట్టిగా మూసుకుంది. వెనక ఇంకో నాలుగు గంపలు దిగాయి.

గంగమణి మానికను నింపి, బజారంతా వినబడేలా, "లాభం," అంది.

ముత్తెన్న అప్పుడు బస్తా కోసం వెనక అర్రలోకి వెళ్లాడు. పొయ్యి పెట్టే చోట నిలబడి ఒకసారి ముందుకు చూశాడు. అడ్డంగా గోడ. అక్కడ కూర్చుంటే బజారు కనబడదని అతనికి అప్పుడే తెలిసింది.