పియర్సల్ పెరట్లో పేరు లేని ఆపిల్

గ్రాంట్ పియర్సల్ కూర్చోమన్నా కూర్చోలేదు. డిటెక్టివ్ ఐడా ఫెంటన్ గదంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే చెప్పాడు.

"మా హ్యూన్ లోయలో ఆపిల్ తోటలన్నీ పీకేసినప్పుడు, మా నాన్న తన సొంత తోటలోని ఆపిల్ రకాన్ని పెరట్లో అంటు కట్టాడు. పేరు చెప్పకుండానే పోయాడు. ఈ చలికాలం ఆ కొమ్మలతో తోట వేసి ఆయన్ని బతికించుకుందామనుకుంటే, పండు చూడందే రకం పేరు చెప్పలేమంటారు నర్సరీవాళ్ళు. కాయలు పండే వేళకి ఏటా ఎవడో ఊడ్చేస్తున్నాడు. ఎవడో ఏంటి, పక్కింటి క్లారీయే."

గ్రాంట్ పెరట్లో ఈదురుగాలి. ఒక్క కాయా లేని చెట్టు చూసి అసిస్టెంట్ కోలిన్ నీరుగారిపోయాడు. ఐడా మాత్రం కొమ్మల మీద మొగ్గలన్నీ తడిమి, మోకాళ్ళ మీద కూర్చుని చెట్టు మొదట్లో మట్టి తవ్వింది. వంటింట్లో గ్రాంట్ తల్లి థెల్మా, ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన పై వడ్డించింది. పళ్ళు కొట్లోవేనంది. ఐడా మారు అడిగి తింది. తలుపు వెనక కాయలు కోసే సంచి వేలాడుతోంది.

క్లారీని కూడా పిలిపించాక ఐడా విషయం విప్పింది.

"క్లారీ చేపలు పట్టే మనిషి, తోటపని తెలీదు. కాయని లాగి తెంపుతాడు, దాంతో వచ్చే ఏటి మొగ్గ ఊడొస్తుంది. ఇక్కడ ఒక్క మొగ్గా రాలలేదు. పైకెత్తి మెలితిప్పడం తెలిసిన చెయ్యి ఇది. ఆ సంచి మీదేగా, థెల్మా గారూ?"

థెల్మా తల వంచుకుంది. "ఆ కాయలు పారేయడానికి మనసొప్పక ఈ పై చేశాను."

"ఎందుకమ్మా?" అన్నాడు గ్రాంట్.

"చెట్టు మొదట్లో అంటు ముడి లేదు," అంది ఐడా. "అంటు కట్టిన కొమ్మ పోయి, కింద వేరు కోసం వాడిన మొక్కే చెట్టయింది. నేను తిన్న ముక్క రుచీ అదే చెప్పింది. ఇది నార్తర్న్ స్పై అనే రకం. ఈ లోయలో పాత అంట్లన్నిటికీ కింద ఉన్న వేరు."

"నీ చిన్నప్పుడు నీ పెంపుడు గొర్రెపిల్ల ఆ అంటు కొరికేసింది, నాయనా," అంది థెల్మా. "వద్దన్నా పెరట్లోకి తెచ్చావు. అప్పటికి తోట లేదు, ఇంకో కొమ్మ లేదు. 'వాడికి చెప్పకే, కుమిలిపోతాడు' అన్నారు మీ నాన్న. పండు చూస్తే నీకు తెలిసిపోతుందని ఏటా కోసేశాను."

గ్రాంట్ తల్లి వైపు తిరిగాడు. "నాన్న తిట్టలేదా నన్ను?"

"కింద చిగురు లేస్తే దానికి కర్ర కట్టి నిలబెట్టారు. ఇక ఇది వాడి చెట్టు అన్నారు."

కోలిన్‌కి కళ్ళు చెమర్చాయి. గ్రాంట్ ఆ రోజు మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాకో ముక్క పెట్టమ్మా."

"ముందు నాకు," అన్నాడు క్లారీ. "ఇన్నాళ్ళూ దొంగనన్నావు."