అత్తగారి ఆవ సీసా

ఆ ఇంట్లో పొద్దున్నే అలారం మోగదు, సీసా మోగుతుంది. ఆరున్నరకల్లా అత్తగారు వంటగట్టు దగ్గర నిలబడి, వెడల్పు మూతి గాజుసీసాలో ఆవముద్ద, వెనిగర్, ఉప్పు, తేనె, నలిపిన వెల్లుల్లి వేసి కలుపుతారు. పైన వెనిగర్‌కి మూడింతల నూనె పోసి, మూత బిగించి, రెండు చేతులా ఊపుతారు. నూనే వెనిగరూ ఎడమొహం పెడమొహం రకాలు. ఆవముద్ద పెద్దమనిషిలా మధ్యలో కూర్చుంటేగానీ ఒకచోట ఉండవు. మొదట్లో గలగలమన్న సీసా కాసేపటికి గొంతు మార్చుకుని మెత్తగా, బరువుగా పలుకుతుంది. అంటే సలాడ్ మీద పోసుకునే డ్రెస్సింగ్ చిక్కబడిందన్నమాట.

ఆ తర్వాత ఏం జరుగుతుందో ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. అత్తగారు సలాడ్ ఆకు ఒకటి తుంచి, సీసాలో ముంచి, కిటికీ పక్కన పేపరు చదువుకుంటున్న మామగారికి అందిస్తారు. ఎలా ఉందండీ అని అడుగుతారు. బాగుంది అంటారు ఆయన. పేపరు మీంచి కళ్ళు కూడా ఎత్తరు.

మామగారు రైల్వేలో పట్టాలు పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. సుత్తితో తట్టి, ఆ మోత విని, కంటికి కనపడని పగుళ్ళు పట్టేసిన మనిషి. అంతటివాడు ఇంట్లో మాత్రం ఒక్క పగులంటే ఒక్క పగులు పట్టిన పాపాన పోలేదు. కూర మాడినా బాగుంది, కొత్త చొక్కా మెడ దగ్గర ఉరేసినా బాగుంది. వీధిలో ఆయన అసలు పేరు అడిగితే తల గోక్కుంటారు. బాగుందిగారిల్లు ఎక్కడ అంటే చిన్నపిల్లాడు కూడా చూపిస్తాడు.

కోడలికీ ఒక పేరుంది. ఎందుకమ్మ. చిన్నప్పుడు వాళ్ళమ్మ విసిగిపోయి పెట్టింది. సబ్బు నురగ ఎందుకు తెల్లగా ఉంటుంది, ఏడిస్తే ముక్కెందుకు కారుతుంది అని ప్రాణం తీసేదట. పెళ్ళికి ముందే ఆ పేరు అత్తవారింటికి చేరిపోయింది. పెద్దయ్యాక ఆ రోగానికి తగిన ఉద్యోగమే దొరికింది. కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షిస్తుంది. రోజంతా జనం కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ, మొదటిది స్పష్టంగా ఉందా, రెండోదా అని అడగడమే పని.

ఇంటి కింద వాటాలో వాళ్ళ సలాడ్ల కొట్టు ఉంది. కూరగాయలు తరిగేది, డబ్బాలు సర్దేది, ఆఫీసులకు పంపేది కొడుకు. ప్రతి డబ్బాలోనూ చిన్న కప్పులో పోసేది తల్లి చేసిన ఆవ డ్రెస్సింగ్. కీరా, క్యారెట్ ఎక్కడైనా ఒకటే, మీ అమ్మగారి డ్రెస్సింగ్ కోసమే వస్తున్నామయ్యా అని జనం మొహమ్మీదే చెప్పేవారు. ఆ మాట కొడుకు పైకొచ్చి చెప్పినప్పుడల్లా అత్తగారు ఏమీ పట్టనట్టు గట్టు తుడిచేవారు. అప్పటికే తుడిచిన గట్టు.

రెండు నెలలుగా కథ అడ్డం తిరిగింది. కప్పులు తెరవకుండానే తిరిగొస్తున్నాయి. మండిపోతోందని ఒకరు, ఉప్పు కషాయమని ఒకరు, మర్నాడు అసలు ఉప్పే లేదని ఇంకొకరు. కొడుకు ముందు ఓపిక పట్టాడు, తర్వాత అమ్మకి మెల్లగా చెప్పాడు. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, మీ నాన్నగారు రోజూ రుచి చూస్తూనే ఉన్నారుగా అన్నారు. ఆ ముక్కకి తిరుగులేదు.

ఒక పొద్దున టిఫిను దగ్గర కొడుకు గొంతు సవరించుకున్నాడు. ఒకటో తారీఖు నుంచి ఫ్యాక్టరీ డ్రెస్సింగ్ తెప్పిస్తున్నానని, అమ్మ ఇక విశ్రాంతి తీసుకోవచ్చని చెప్పాడు. అరిగించుకోలేని మాటని విశ్రాంతి అనే తేనెలో ముంచి పెట్టడం కొడుకులకి వెన్నతో పెట్టిన విద్య.

అత్తగారు లేచారు. సీసా కడిగి, తుడిచి, బోర్లించారు. ఆవిడ భుజాలు ఒక్కసారిగా కుంగిపోవడం కోడలు చూసింది. నలభై ఏళ్ళు నడిపిన సీసా అది. దాన్ని లాగేసుకుంటే పొద్దున్నే ఆవిడ ఎందుకు లేవాలి?

ఇంతకీ ఎందుకిలా అవుతోంది? ఎందుకమ్మకి ఆ ప్రశ్న పంటి కింద రాయిలా తగిలింది. చేసేవి అవే చేతులు, సరుకు అదే. చేత్తో వేసి, నాలుకతో సరిచూసుకునే మనిషికి కొలతల్లేవు నిజమే, కానీ అన్నేళ్ళూ లేవుగా. ఒకటో తారీఖు దాకా సీసా ఎలాగూ మోగుతుంది. దుకాణం నుంచి కాంటాక్ట్ లెన్సుల బుల్లి డబ్బాలు నాలుగు తెచ్చి, నాలుగు రోజుల డ్రెస్సింగూ చెంచాడు చెంచాడు దాచింది. ఆదివారం బాల్కనీలో కూర్చుని వరసగా నాలుక మీద వేసుకుంది. ఉప్పు ఒకరోజు ఆకాశంలో, ఒకరోజు పాతాళంలో. ఆవ మాత్రం రోజురోజుకీ పెరుగుతూనే ఉంది. నాలుగో డబ్బాకి కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి.

ఉప్పు అటూ ఇటూ ఊగుతుంటే ఆవ ఒక్కటే ఎందుకు పెరుగుతోంది?

జవాబు మర్నాడు స్టవ్ మీద దొరికింది. పాలు మాడి, కమురు వాసన మెట్ల దాకా కొట్టింది. కోడలు స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి అత్తగారు ఆ గిన్నెకి రెండడుగుల దూరంలో తాపీగా వెల్లుల్లి ఒలుస్తున్నారు. కోడలి మొహం చూశాకే ఉలిక్కిపడి స్టవ్ కట్టేశారు.

కళ్ళజోళ్ళ దుకాణానికి ఒకసారి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. గోడ మీది అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. కోడలికి అనుమానం వచ్చి చార్టు మార్చింది. అప్పుడూ పాత అక్షరాలే చదివాడు. వరసలో ముందున్నవాళ్ళ నోటి నుంచి విని బట్టీపట్టాడు పాపం. చూపు పోతోందని ఒప్పుకుంటే స్టీరింగు పోతుందని భయం. ఆ డ్రైవరు మొహమూ, స్టవ్ కట్టేస్తున్న అత్తగారి మొహమూ ఒకటేలా కనిపించాయి.

అక్కడితో ఆగి, ఆవిణ్ణి పక్కకి పిలిచి నెమ్మదిగా అడిగి ఉంటే బాగుండేది. కానీ కుతూహలానికి కళ్ళెం వేస్తే ఆమె ఎందుకమ్మ ఎందుకవుతుంది? ఆ మధ్యాహ్నం అందరూ భోజనాల బల్ల దగ్గరున్నప్పుడు రెండు గిన్నెల్లో డ్రెస్సింగ్ తెచ్చి పెట్టింది. ఒకదాంట్లో సరిగ్గా ఉప్పు వేసింది, రెండోదాంట్లో చిటికెడు కూడా వెయ్యలేదు.

"అత్తయ్యా, మీ పద్ధతిలోనే కలిపాను. మొదటిది బాగుందా, రెండోదా?"

అత్తగారు రెండు ఆకులు ముంచుకుని నెమ్మదిగా నమిలారు. చూపు గిన్నెల మీద లేదు, మొగుడి మొహం మీదుంది.

"ఏమండీ, మీరు చెప్పండి."

మామగారు రెండూ రుచి చూశారు. "రెండూ బాగున్నాయి."

కొడుకు వేలు ముంచి నాకి, రెండో గిన్నెని దూరంగా తోసేశాడు. ఇందులో అసలు ఉప్పే లేదు కదా అన్నాడు. కోడలు తల దించుకుంది. తను చేసిన పని ఎంత మొరటుదో ఆ క్షణంలోగానీ ఆమెకి తెలిసిరాలేదు.

"నాకు పరీక్ష పెట్టావా అమ్మాయ్?" అన్నారు అత్తగారు. గొంతులో కోపం మొదలైందిగానీ నిలబడలేదు, సగంలోనే జారిపోయింది. "పెట్టావుగా. సరే, తప్పాను. వానల్లో జ్వరం వచ్చి తగ్గింది చూడు, అప్పట్నుంచి నాకు వాసనా లేదు, రుచీ లేదు. ఏది నోట్లో పెట్టుకున్నా గడ్డి నమిలినట్టుంటుంది. ఆవ ఘాటొక్కటే ముక్కుకి తగులుతుంది. అదైనా తెలుస్తోంది కదాని ఇంకాస్త, ఇంకాస్త వేస్తున్నాను."

ఎందుకు చెప్పలేదమ్మా అని కొడుకు అడిగాడు. చెబితే సీసా ఊపనిస్తావా అన్నారావిడ.

అప్పుడు అత్తగారు మామగారి వైపు తిరిగారు. "నాకు లేకపోతేనేం, ఆయన నాలుక ఉంది కదా అనుకున్నాను. రోజూ అడిగాను కదండీ. రోజూ బాగుందనే అన్నారు కదా. ఉప్పు లేని రోజు కూడా బాగుందన్నారా?"

మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. భోజనాల బల్ల దగ్గర ఆయన పేపరు వదలడం కోడలు చూడటం అదే మొదటిసారి.

"పెళ్ళయిన మూడో రోజు మా అక్కయ్యల ముందు సలాడ్ చేసి పెట్టావు. పులుపు ఎక్కువైందన్నాను," అన్నారాయన. "నువ్వు ఏడవలేదు, అరవలేదు. మూడు రోజులు వంటింట్లో అడుగుపెట్టలేదు. నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ బ్రెడ్డు తింటూ ఒట్టేసుకున్నాను, మళ్ళీ ఈ నోటితో వంక పెట్టకూడదని. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు కదా. నీకు రుచి తెలియట్లేదని నాకేం తెలుసు? అలవాటుగా అడుగుతున్నావనుకున్నాను."

ఆవిడ తన నాలుక పోయిందని దాచారు, ఆయన తన నాలుక ఉందని దాచారు. ఇద్దరి మధ్యా కప్పులు తిరిగొచ్చాయి.

అత్తగారు కొంగు అంచు మడతపెట్టారు. అడిగిన మాట మాత్రం ఎవరూ అనుకోనిది.

"నలభై ఏళ్ళు చేసి పెట్టానండీ. అందులో నిజంగా బాగున్న రోజులున్నాయా?"

మామగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఉన్నాయి. బోలెడున్నాయి. కొన్ని రోజులు ఆ ఆకు నోట్లో పెట్టుకుని, ఇంత బాగా ఎలా చేస్తుందిరా బాబూ అనుకునేవాణ్ణి. ఆ రోజు కూడా అదే మాట అన్నాను. బాగున్ననాడూ బాగుంది, బాగాలేనినాడూ బాగుంది. నీకు దక్కాల్సిన మెప్పు నేనే తినేశాను."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున సీసా మోగలేదు. ఆ నిశ్శబ్దానికే ఇంట్లో అందరికీ మెలకువ వచ్చింది. అత్తగారు వంటింటి బయట కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. డాక్టరు దగ్గరికి పదకొండింటికి వెళ్ళాలి. రుచి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, తొందర పడకండని ఆయన ఫోన్లోనే చెప్పారు.

కోడలు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడింది. నలుగురిలో అలా చెయ్యకూడదు, తప్పైపోయింది అత్తయ్యా అంది. అత్తగారు ఆమె తల మీద చిన్న మొట్టికాయ వేశారు. నువ్వు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు ఎందుకమ్మా అన్నారు.

"అయితే ఇంకొకటి అడుగుతాను. చిక్కబడిందని మీకెలా తెలుస్తుంది? మూత తియ్యరు, చూడరు."

"చప్పుడు మారుతుంది కదే. నూనె విడిగా ఉన్నంతసేపూ గలగల. కలిసిందా, చెయ్యి బరువెక్కుతుంది, మోత మెత్తబడుతుంది. దానికి నాలుకెందుకు?"

ఆ మాట గదిలోంచి మామగారు విన్నారు. చప్పుళ్ళ సంగతి ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. లేచి వచ్చి, వంటగట్టు మీద బోర్లించిన సీసా తిప్పి పెట్టారు. ఆవముద్ద డబ్బా, వెనిగరూ వరసగా తీసి పెట్టారు, రెంచీలు సర్దుకున్నట్టు. పెళ్ళాన్ని పిలవలేదు. ఆవిడ వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు.

ఆవిడ వేశారు, కలిపారు, ఊపారు. సీసా గొంతు మారింది. ఇదిగో ఇప్పుడు కలిసింది అని మామగారే ముందు అన్నారు. అత్తగారు ఆకు ముంచి, ఎప్పటిలాగే ఎలా ఉందండీ అనబోయారు. కోడలు అడ్డం పడింది.

"అలా అడక్కండత్తయ్యా, మామయ్య నోటికి దానికి ఒకటే జవాబు వచ్చు. కొంచెం విడిగా తీసి, దాంట్లో చిటికెడు ఉప్పు కలపండి. మొదటిదా, రెండోదా అని అడగండి. మా దుకాణంలో ఎంత మొహమాటస్తుడైనా దానికి నిజం చెప్పేస్తాడు."

అత్తగారు అలాగే చేశారు. మామగారు ఈ ఆకు, ఆ ఆకు నమిలారు. కళ్ళు మూసుకుని, పట్టా మీద సుత్తి తట్టి విన్నంత శ్రద్ధగా మళ్ళీ నమిలారు.

"రెండోది," అన్నారు.

అంటే ఉప్పు చాల్లేదన్నమాట అని అత్తగారు సీసాలో ఉప్పు వేశారు. మళ్ళీ అడిగారు, మళ్ళీ ఊపారు. కొడుకు ఈలోగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫ్యాక్టరీవాళ్ళ ఆర్డరు కాగితం ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని, తనూ ఒక ఆకు తీసుకున్నాడు. పాత డ్రెస్సింగే, అచ్చం అదే అని కళ్ళు పెద్దవి చేశాడు.

కానీ మామగారు ఇంకా నములుతూనే ఉన్నారు. ఏదో చెప్పబోయి, మింగి, పెళ్ళాం మొహం వైపు చూశారు. ఆవిడకి అర్థమైంది.

"చెప్పండి. మూడు రోజులు అలగనులెండి, అంత ఓపిక లేదిప్పుడు."

"పులుపు," అన్నారు మామగారు. "కొంచెం ఎక్కువైంది."

అత్తగారు తేనె సీసా అందుకున్నారు. మూత తియ్యబోయి ఆగి, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఆ రోజు కూడా ఎక్కువే అయిందండీ," అన్నారు. "నాకప్పుడే తెలుసు."

చెంచాడు తేనె వేసి, మూత బిగించి, సీసా ఆయన చేతికిచ్చారు. మామగారు ఊపడం మొదలుపెట్టారు. ఇద్దరూ తలలు దగ్గరగా వంచి, చప్పుడు ఎప్పుడు మారుతుందా అని వింటూ నిలబడ్డారు.