మంగళవారం బౌలింగ్

"ఇది గేమ్ కాదండీ, బొమ్మ."

మాట నోరు జారాక రేనో నాలుక కరుచుకున్నాడు. వీడియో గేముల షాపు కౌంటర్ అవతల నిలబడ్డ అమ్మాయి టోపీ మీద మంచు ఇంకా కరగలేదు. చేతిలో టీవీకి తగిలించి ఆడే తెల్ల గేమ్ కన్సోల్ పెట్టె ఉంది. కెనడాలోని థండర్ బే ఊరంతా ఆ చలికాలం దాని కోసమే ఎగబడుతోంది. పదిహేనేళ్ళుగా కంట్రోలర్‌తోనే అన్నం తిని నిద్రపోయిన రేనోకి మాత్రం దాన్ని చూస్తే ఒళ్ళు మండేది.

"బొమ్మా?" అంది ఆ అమ్మాయి.

"అంటే... చెయ్యి ఊపితే బంతి వెళ్తుంది. మూడేళ్ళ పిల్ల కూడా గెలుస్తుంది. నిజమైన గేమ్ కావాలంటే ఈ అరలో చూడండి. నలభై గంటలు ఆడితే గానీ మొదటి రాక్షసుణ్ణి చంపలేరు."

"మావాళ్ళకి అంత టైం లేదండీ."

"ఉద్యోగాలా?"

"వయసు. అందరిలోకీ చిన్నావిడకి డెబ్బై ఆరు."

వెనక డిస్కులు సర్దుతున్న తోటి గుమాస్తా డానిలో కిసుక్కున నవ్వాడు. రేనో చెవులు ఎర్రబడ్డాయి. ఆ అమ్మాయి కార్డు గీసి, రసీదు తీసుకుని, తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"బర్చ్ హౌస్ అని ఒక వృద్ధాశ్రమం ఉంది. అక్కడ నేను కాలక్షేపాలు చూస్తాను. నా పేరు లొరెంజా. బొమ్మ పాడైతే ఎవరిని తిట్టాలో తెలియాలి కదా, మీ పేరేమిటి?"

"రేనో," అన్నాడు నీరసంగా.

ఆమె వెళ్ళాక అతను కుడిచేతిని కౌంటర్ కిందకి దించి పిడికిలి బిగించి వదిలాడు. చిటికెన వేలూ దాని పక్క వేలూ మొద్దుబారి ఉన్నాయి. పొద్దున్నుంచీ అంతే. ఇది మూడో వారం.

ఏప్రిల్‌లో ఊళ్ళోని ఫిన్నిష్ హాల్లో వీడియో గేముల పోటీ ఉంది. ఫైటింగ్ గేమ్‌లో మూడేళ్ళుగా ఈ ఊళ్ళో అతన్ని ఓడించిన వాడు లేడు. అందుకే వేళ్ళ సంగతి ఎవరికీ చెప్పలేదు, డాక్టర్‌కి కూడా. చెబితే అది నిజమైపోతుందని భయం.

*

రెండు రోజుల తర్వాత షాపుకి ఫోన్ వచ్చింది.

"మీ బొమ్మకి పిచ్చి పట్టింది," అంది లొరెంజా. "తెర మీద చెయ్యి గుర్తు ఈగలా ఎగురుతోంది. పదకొండు మంది నాకేసి చూస్తున్నారు. మీరొస్తారా, పెట్టె తెచ్చి మీ నెత్తిన పెట్టనా?"

రేనో భోజనం మానేసి వెళ్ళాడు. పెద్ద హాలు, పెద్ద టీవీ, దాని కింద కరెంటుతో వెలిగే ఎర్రటి చలిమంట. అతను ఒక్క చూపు చూసి వంగి దాని ప్లగ్ లాగేశాడు. తెర మీద చెయ్యి గుర్తు కుదురుగా నిలబడింది.

"రిమోట్ టీవీ దగ్గర పెట్టిన ఆ సన్నటి పట్టీలోంచి వచ్చే వెలుగుని చూసి దారి తెలుసుకుంటుంది. చలిమంట వేడిని కూడా పట్టీయే అనుకుంది పాపం."

"అయితే తప్పు బొమ్మది కాదన్నమాట," అంది లొరెంజా. "దాని మీద అభిప్రాయం మారిందా?"

"మారలేదు."

"ఎవరబ్బాయి ఇతను, గొణుగుతున్నాడు?" అని ముందు కుర్చీలోంచి ఒకావిడ లేచింది. తెల్లజుట్టు, ఎర్ర స్వెటరు, కర్ర. పేరు హిల్కా. ఊళ్ళోనే పోర్ట్ ఆర్థర్ పేటలో కాఫీ హోటల్లో నలభై ఏళ్ళు వడ్డించి రిటైరయిన మనిషి. "దా, నాతో ఒక ఆట ఆడు. మూడేళ్ళ పిల్లకైనా గెలుపేనన్నావుగా?"

రేనో లొరెంజా వైపు చూశాడు. ఆమె పైకప్పు వైపు చూసింది.

ఆట బౌలింగ్: తెర మీద బంతిని దొర్లించి చివర నిలబెట్టిన పిన్నుల్ని పడగొట్టాలి. హిల్కా మూడుసార్లు వరసగా పిన్నులన్నీ పడగొట్టింది. రేనో వంతు వచ్చింది. చెయ్యి వెనక్కి లాగి ఊపబోయేసరికి వేళ్ళు సడలిపోయాయి. రిమోట్ జారి, మణికట్టు తాడు మీద వేలాడింది. తెర మీద బంతి దారి తప్పి పక్క కాలువలోకి పోయింది. హాలంతా పకపకా నవ్వింది. రేనో కూడా నవ్వాడు.

లొరెంజా నవ్వలేదు. అతను చేతిని జేబులోకి దాచుకునే తీరు చూస్తోంది.

బయట కారు మీద మంచు దులుపుతుంటే వెనకే వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమిటి?"

"ఆ చెయ్యి."

"చలికి బిగుసుకుంది, అంతే."

"సరే," అంది కానీ ఒప్పుకున్నట్టు లేదు. "వచ్చే మంగళవారం మళ్ళీ రండి. హిల్కా గారు మీతో ఆడకపోతే అన్నం తినరట."

*

రేనో వెళ్ళాడు. ఆ తర్వాత ప్రతి మంగళవారమూ వెళ్ళాడు. రిమోట్‌లలో బ్యాటరీలు మార్చడానికి అని డానిలోకి చెప్పాడు. బ్యాటరీలు మార్చడానికి మూడు గంటలు ఎందుకు పడుతుందో డానిలో అడగలేదు, కనుబొమ్మ మాత్రం ఎగరేశాడు.

హిల్కా పొద్దున్నే లేచి అందరికంటే ముందు హాల్లోకి వస్తుందనీ, భుజం ఎంత తిప్పితే బంతి ఎటు వంగుతుందో నోటు పుస్తకంలో బొమ్మలు గీసుకుంటుందనీ రేనోకి తెలిసింది. ఓడిపోయిన రోజు ఎవరితోనూ మాట్లాడదు.

"ఈవిడ హార్డ్‌కోర్, ఆటకి ప్రాణం పెట్టే రకం," అన్నాడు లొరెంజాతో. ఇద్దరూ వంటగది గుమ్మంలో నిలబడి గులాబి రంగు ఐసింగ్ పూసిన, ఆ ఊళ్ళో 'పర్షియన్' అని పిలిచే బన్నుని పంచుకుని తింటున్నారు.

"బొమ్మతో హార్డ్‌కోరా? మీ మతం ఒప్పుకుంటుందా?"

"నా మతంలో ఒక్క సూత్రం సవరిస్తున్నాను. మీరు ఆడరేం?"

"ఓడిపోతే ఏడుస్తాను. చిన్నప్పుడు మా అన్నయ్య కంట్రోలర్‌ని కిటికీలోంచి విసిరేశాను."

"అయితే మీరూ మా వాళ్ళే!"

ఆమె నవ్వింది. మళ్ళీ అతని చేతివైపు చూసింది. అతను బన్నుని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"రేనో, మా నాన్న బేకరీ నడిపేవాడు," అంది మెల్లగా. "ఇలాగే చెయ్యి దాచుకునేవాడు. రెండేళ్ళు. ఒకరోజు పెద్ద ట్రేని ఎత్తబోతే జారిపోయింది. అప్పటికి వేళ్ళ కండ కరిగిపోయింది. 'ముందే వచ్చి ఉంటే బాగుండేది' అన్నాడు డాక్టర్. ఆ మాట విన్నాక నాన్న ఆ బేకరీ గుమ్మం తొక్కలేదు. మీరు డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. నా కోసం కాదు, నేనెవర్ని మీకు."

"పోటీ అయిపోగానే వెళ్తాను."

"నాన్న కూడా అలాగే అనేవాడు. క్రిస్మస్ అయిపోగానే. ఈస్టర్ అయిపోగానే."

ఆ రాత్రి రేనోకి నిద్ర పట్టలేదు. మోచెయ్యి వంచితే తిమ్మిరి, చాపితే భయం. వేళ్ళు పోతే తనేం మిగులుతాడు? ఊళ్ళో అందరూ అతన్ని పలకరించేది ఆ వేళ్ళ వల్లే. ఆమె దగ్గరికి వెళ్ళాలనిపించినప్పుడల్లా ఇంకో భయం తోడయ్యేది. చెయ్యి పనికిరాని వాడిని ఎవరు కావాలనుకుంటారు?

*

పోటీకి నాలుగు రోజుల ముందు షాపు కుర్రాళ్ళతో నిండిపోయింది. డానిలో అందరి ముందూ ఎత్తుకున్నాడు.

"ఒరేయ్, మన ఛాంపియన్ ఎక్కడ ప్రాక్టీస్ చేస్తున్నాడో తెలుసా? బర్చ్ హౌస్‌లో. ఎనభై ఏళ్ళ బామ్మల చేతిలో ఓడిపోతున్నాడు!"

ఈలలు, నవ్వులు. "సరదాకి ఆడే క్యాజువల్ గాళ్ళలో చేరిపోయావా గురూ?" అన్నాడు ఒకడు.

రేనోకి ముఖం వేడెక్కింది. "ఛీ, ఆ బొమ్మాటలా? ఆ అమ్మాయి వచ్చి బతిమాలితే పోనీలే పాపం అని వెళ్ళాను."

నవ్వులు సగంలో తెగిపోయాయి. అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు.

లొరెంజా చేతిలో ఒక కాగితం ఉంది. అది తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"చేతి డాక్టర్ నంబరు. నాన్నని చూసినాయనే. ఎప్పుడు పిలిచినా చూస్తానన్నారు." ఆగింది. "ఇక మంగళవారం రావద్దు. పాపం అనుకుని వచ్చేవాళ్ళు మావాళ్ళకి అక్కర్లేదు."

తలుపు గంట మోగింది. వాన మొదలైంది, మంచు కలిసిన మురికి వాన. రేనో ఆమె వెనక పరిగెత్తలేదు. అందరూ చూస్తున్నారని ఆగిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు అతన్ని అన్నిటికంటే ఎక్కువ కోసింది అదే.

*

శనివారం మధ్యాహ్నం ఫిన్నిష్ హాల్లో కుర్చీలు చాలలేదు. రేనో మూడు ఆటలు ఎడమ బొటనవేలి పుణ్యాన గెలిచాడు. సెమీఫైనల్లో స్కూలు చదివే పదహారేళ్ళ అమ్మాయి ఎదురుపడింది. రెండో రౌండులో అతను బటన్ నొక్కాడు. నొక్కానని అనుకున్నాడు. తెర మీద అతని వీరుడు కదలకుండా నిలబడి తన్నులు తిన్నాడు.

వేలివైపు చూసుకున్నాడు. అది బటన్ మీద లేదు, గాల్లో వంకరగా ఉంది. అది ఎప్పుడు పక్కకి తప్పుకుందో అతనికి తెలియనేలేదు.

రేనో కంట్రోలర్‌ని బల్ల మీద పెట్టాడు.

"ఏంట్రా, టైం ఉంది ఇంకా!" అని డానిలో అరిచాడు.

"నా వేళ్ళు పనిచెయ్యట్లేదు రా," అన్నాడు రేనో. మొదటిసారి పైకి అన్నాడు. "రెండు నెలల పైనుంచి. ఎవరికీ చెప్పలేదు."

ఆ అమ్మాయి తన హెడ్‌ఫోన్ తీసి భయంగా అడిగింది, "నేనేమైనా చేశానా?"

"లేదమ్మా. నువ్వు బాగా ఆడావు. ఫైనల్ గెలువు."

డానిలో మెట్ల దాకా వెంట వచ్చాడు. "ముందే చెప్పొచ్చు కదరా. మొన్న నవ్వినందుకు సిగ్గేస్తోంది."

"నాకు అంతకంటే ఎక్కువ సిగ్గుగా ఉంది. కారు నువ్వు నడుపు. బర్చ్ హౌస్‌కి పోనీ."

హాల్లో హిల్కా ఒక్కతే ఆడుకుంటోంది. అతన్ని చూసి రిమోట్‌తోనే వంటగది వైపు చూపించింది. "అక్కడుంది. తిట్లు తిన్నాకే కాఫీ అడుగు."

లొరెంజా కప్పులు తుడుస్తోంది, తల ఎత్తలేదు.

"ఓడిపోయారా?"

"మధ్యలో లేచి వచ్చేశాను. లొరెంజా, ఆ రోజు నేను అన్నది అబద్ధం. మంగళవారం కోసమే మిగతా వారమంతా గడిపేవాణ్ణి. నలుగురి ముందూ ఒప్పుకునే ధైర్యం లేకపోయింది. ఈరోజు అదే నలుగురి ముందు చెయ్యి పాడైందని చెప్పాను. రెండోది కూడా చెప్పాలి, కానీ వాళ్ళకి కాదు, నీకు."

'మీకు' అనకుండా 'నీకు' అన్నాడని ఇద్దరికీ వినిపించింది. ఆమె కప్పు కింద పెట్టింది.

"ఆ రెండోది తర్వాత. డాక్టర్‌కి ఫోన్ చేశావా?"

"కార్లో వస్తూ చేశాను. సోమవారం తొమ్మిదికి రమ్మన్నారు." ఆమె దించిన కప్పుని అందుకుని అరలో పెట్టాడు. "నాతో వస్తావా? భయంగా ఉంది."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళకి ఒక్క నిజం చెప్పావు," అంది.

*

సోమవారం ఆస్పత్రి పరీక్షలో చేతికి సూదుల్లాంటి షాకులు ఇచ్చారు. తర్వాత వరండాలో గంటన్నర కూర్చోబెట్టారు. లొరెంజా పక్కనే ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి నిటారుగా కూర్చునేవారు. అది నర్సు అని తెలిశాక మళ్ళీ జారగిలబడేవారు.

"పూర్తిగా రాకపోతే?" అన్నాడు.

"రాకపోతే రాదు."

"ఆడలేకపోతే నేనెవర్నో నాకే తెలీదు."

"నాకు తెలుసు. హిల్కా గారి మోకాలి కింద అడక్కుండానే దిండు పెట్టేవాడివి. ఆవిడ ఓడిన రోజు నోరు మూసుకుని పక్కన కూర్చునేవాడివి. వేళ్ళతో చేసిన పనులా అవి?"

మోచేతి దగ్గర నరం నలిగిందన్నారు డాక్టర్. ఆపరేషన్ చేసి దాన్ని పక్కకి జరపాలి. ఆలస్యమైంది, కానీ మరీ ఆలస్యం కాలేదు. ఎంత తిరిగి వస్తుందో చెప్పలేమన్నారు.

ఆపరేషన్ మే మొదట్లో జరిగింది. కట్టు విప్పి నాలుగు వారాలైనా వేళ్ళలో చలనమే గానీ స్పర్శ లేదు. ప్రతి పొద్దునా లేవగానే రేనో దుప్పటిని చిటికెన వేలితో రాసి చూసేవాడు. ఏమీ తెలిసేది కాదు. ఫోన్ చేసి "లేదు" అనేవాడు. "సరే, రేపు చూద్దాం," అనేది ఆమె.

జూన్ మధ్యలో ఒక ఆదివారం వాళ్ళింటికి రమ్మంది. వాన జోరుగా ఉంది. గొడుగు లేకుండా గేటు దాకా పరిగెత్తుకొచ్చి అతని కుడిచేతిని పట్టుకుని లాగింది. వరండా ఎక్కగానే రేనో కదలకుండా నిలబడిపోయాడు.

"ఏమైంది? నొప్పిగా ఉందా?"

"వదలకు," అన్నాడు. "నీ చెయ్యి చల్లగా ఉంది."

"తడిశాను కదా, చల్లగా ఉండదూ..." అని ఆగిపోయింది. తను పట్టుకున్నది ఏ వేళ్ళనో చూసుకుంది. "రేనో, ఇవి..."

"ఆ రెండే. చల్లగా ఉంది లొరెంజా. తెలుస్తోంది."

ఆమె ఏడుస్తూ నవ్వుతూ ఆ చేతిని చెంపకి ఆనించుకుంది. దాచిపెట్టిన రెండో మాట అతను అప్పుడు చెప్పాడు. వాన చప్పుడులో ఆమెకి సగమే వినబడింది. మళ్ళీ చెప్పించుకుంది. "నేనూ అంతే," అంది.

గుమ్మంలో వాళ్ళ నాన్న సిల్వానో నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలీదు. ముందుకొచ్చి రేనో చేతిని అరచేతిలోకి తీసుకున్నాడు. వంకరపోయిన తన వేళ్ళతో ఒక్కో వేలినీ నిదానంగా వంచి చూశాడు.

"సమయానికి వెళ్ళావు," అన్నాడు. చెయ్యి వదలకుండానే గుమ్మం వైపు తిరిగాడు. "లోపలికి రండి ఇద్దరూ. భోజనం చల్లారిపోతోంది. నువ్వు నా పక్కన కూర్చో బాబూ."