హీటింగ్ ప్యాడ్లు వెనక్కి

సర్వీస్ ఇంజినీరు కొత్త హీటింగ్ ప్యాడ్ బల్ల మీద పెట్టి, పాతది ఇచ్చేయమన్నాడు. ఫిజియోథెరపిస్ట్ దాని వంక కూడా చూడలేదు. ఆ పాత ప్యాడ్ మీద నడుం వాల్చే ఆమె నాన్నకు వీపంతా బొబ్బలెక్కింది.

"ఇలాంటివి ఇంకెన్ని ఇళ్లలో ఉన్నాయి?" అని అడిగింది.

అతను నీళ్లు నమిలాడు. వేడి మితిమీరితే ఆగాల్సిన స్విచ్ చాలావాటిలో పనిచేయడం లేదనీ, ఫిర్యాదు చేసినవాళ్లకు మాత్రమే మార్చమన్నారనీ చెప్పాడు.

"ఫిర్యాదు చేయనివాళ్లవి వీపులు కావా అండీ?"



ఆ ప్యాడ్ కొనుక్కోమని తన పేషెంట్లకు చెప్పింది ఆమే. ఆ సాయంత్రమే, వాటిని వాడొద్దని చెప్పడానికి ఇల్లిల్లూ తిరగబోతుంటే అతను ఎదురొచ్చాడు. కంపెనీ పంపిందా అంటే, లేదు, ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదన్నాడు. ఆమెకు సగం కోపం అక్కడే పోయింది. పైకి మాత్రం ముఖం ముడుచుకునే నడిచింది.

వాన మొదలైంది. ఉన్నది ఒక్క గొడుగు. ఒక పెద్దావిడ, తన మోకాళ్లకు అదే దిక్కని ప్యాడ్ వాడటం మాననంది. అతను పక్కనే కూర్చుని, వేడినీళ్ల సంచీతో కాపడం ఎలా పెట్టుకోవాలో ఓపిగ్గా చూపించి ఒప్పించాడు. మెట్లు దిగుతూ ఫిజియోథెరపిస్ట్ గొడుగు అతనివైపు వంచింది. తన భుజం తడుస్తున్న సంగతి గమనించలేదు.

మర్నాడు అతను మేనేజరును కలిసి, అమ్మినవన్నీ వెనక్కి తీసుకుంటామని పేపర్లో ప్రకటించమన్నాడు. కంపెనీ పరువేం కావాలని మేనేజరు కసిరి, తాను పిలిచేదాకా పనిలోకి రావద్దన్నాడు.

ఆ సంగతి తెలిసి ఆమె నాన్నను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. ఆయన ఏమీ వాదించలేదు. చొక్కా ఎత్తి వీపు చూపించాడు. మేనేజరు తల దించుకునే, ప్రకటన రాయడానికి కాగితం అందుకున్నాడు.

ప్రకటన వచ్చిన రోజు ఇంజినీరు వాళ్లింటికి వచ్చాడు. ఊళ్లోని ప్యాడ్లన్నీ వెనక్కి తెచ్చే పని తనకే అప్పగించారన్నాడు.

"ఉద్యోగం పోయుంటే ఏం చేసేవారు?" అందామె.

"మిమ్మల్ని ఒక మాట అడగాలనుకున్నాను. అది అడగకుండా మింగేసేవాణ్ని."

"పోలేదుగా. అడగండి."

అతను మొహమాటంగా ఆమె తండ్రివైపు చూశాడు. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అడుగు బాబూ. నేను చదువుకుంటున్నాను."

అతను అడిగాడు. ఆమె "ఊఁ" అంది.

పేపరు వెనకనుంచి ఆయన కూడా "ఊఁ" అన్నాడు.