ఉప్పునీళ్ళ నిపుణుడు

రైల్వే వాళ్ళ ట్రాఫిక్ కాలనీలో ఎవరింట్లో ఏది చెడినా దినకర్ సలహా ఉచితం. పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగిరీ ఆరేళ్ళ నుంచి, సర్వజ్ఞత్వం మాత్రం పుట్టినప్పట్నుంచి.

"అయ్యో! తలకిందులుగా పెట్టారేంటండీ? లోపల చేప ఉంది!" అంది, థర్మోకోల్ డబ్బా కోసం వచ్చిన అమ్మాయి.

"చేపకి తలేటి, కిందేటి?" అంటూ దినకర్ తలెత్తాడు. ఎత్తిన తల మళ్ళీ దించలేకపోయాడు.

రైల్వే స్కూలు టీచరు విష్ణుప్రియ. డబ్బాలో బొటనవేలంత చేప. నిప్పురంగు ఒళ్ళు, నల్లటి చారలు.

దినకర్ గబుక్కున లేబుల్ చదివాడు. "ఓ, డ్వార్ఫ్ ఏంజెల్ చేపా! ఇలాంటివి మూడు పెంచినానండి."

"ఉప్పునీళ్ళలోనేనా?"

"మరి కుళాయి నీళ్ళలోనా?"

ఆ ధీమాకి ఆమె నమ్మేసింది. నెల తర్వాత, నాన్న కోదండరామయ్యతో విజయనగరం పెళ్ళికి వెళ్తూ తాల్‌బగీచా పేటలోని తమ ఇంటి తాళం అతని చేతికిచ్చింది.

"అక్వేరియంలో నీళ్ళు తగ్గితే..."

"నాకు చెప్తారేటండీ!"

మే నెల ఎండకి రోజూ రెండు వేళ్ళ మేర నీళ్ళు తగ్గుతున్నాయి. సముద్రం చేప కదా అని దినకర్ రోజూ ఉప్పు కలిపి పోశాడు. మూడోనాటికి చేప రాళ్ళ సందులో దూరి రొప్పుతోంది. మేత ముట్టలేదు.

ఆఫీసులో పెద్ద గుమాస్తా గోవిందరావు ఉపాయం చెప్పాడు. "కరెంటు పోయినాదని సెప్పీరా. సేపొచ్చి సాక్షం సెప్తాదేటి?"

దినకర్ ఆ మాటే అనుకుంటూ ఫోన్ చేశాడు. ఆమె గొంతు వినగానే ఆ అబద్ధానికి నోరు తిరగలేదు.

"చేప రొప్పుతోందండి. నేనెప్పుడూ చేపను పెంచలేదండి. వండితే తిన్నానంతే."

అటువైపు పెళ్ళి సన్నాయి హోరులో ఆమె గొంతు పెంచింది.

"ఏ నీళ్ళు పోశారు?"

"ఉప్పునీళ్ళు."

"ఆవిరయ్యేది నీళ్ళండీ, ఉప్పు కాదు! తొట్టిలో ఉప్పు పెరిగిపోయింది. గంటకో చెంబు తీసి, ఫిల్టర్ నీళ్ళు అంతే పొయ్యండి. ఒక్కసారే పోస్తే చచ్చిపోతుంది."

దినకర్ సెలవు పెట్టి, చెంబు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ఒకరు చెప్పింది చెప్పినట్టు చేశాడు.

మర్నాడు తండ్రీకూతుళ్ళు దిగేసరికి చేప బయటికొచ్చి రాతిమీద పాచి కొరుకుతోంది. దినకర్ కళ్ళు ఎర్రగా, చేపకి ఏమాత్రం తీసిపోకుండా ఉన్నాయి.

"క్షమించండి," అన్నాడు.

విష్ణుప్రియ తొట్టి మీదికి వంగి చేపని చూసింది. కోదండరామయ్య చెప్పులు విప్పుతూ అన్నాడు. "నీకొచ్చిన సంబంధాల్లో నలుగురూ అన్నీ తెలుసన్నోళ్ళేనమ్మా. తెలీదని ఫోన్ చేసినోడు ఈడొక్కడే." అని, టీ పెట్టే మిషతో లోపలికి తప్పుకున్నాడు.

ఆమె పెదవి చివర నవ్వు కదిలింది.

"రోజూ సాయంత్రం రా. నేర్పుతాను."

'మీరు' కాస్తా 'నువ్వు' అయిందని దినకర్ గమనించనే గమనించాడు.

"ఎన్నాళ్ళు?"

"నీకు వచ్చేదాకా."

ఆ విద్య తనకి ఈ జన్మలో పట్టుబడకూడదని దినకర్ దేవుడికి గట్టిగా మొక్కుకున్నాడు.